పాటకో ముద్ద

ఆరో రోజు కూడా బయమ్మ పాట పాడనిదే ముద్ద ముట్టలేదు.

పొద్దున రాగిసంగటి పొయ్యి దిగిందో లేదో, డెబ్బై ఏళ్ళ ఆ మనిషి వంటింటి గడప అవతల నిలబడి, చీర కొంగు రెండు చేతులతో ముందుకు పట్టి, గొంతు సవరించుకుంది. లోపల మహేశ్వరి చేతిలో తెడ్డు ఉన్నచోటే ఆగింది. అత్త తనతో మాట్లాడి ఆరు రోజులు. పాడటం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

“కూడు పెట్టే తల్లి కోడలు సల్లంగుండ
ముద్దకొక్క పాటే, ఓ వియ్యపరాలా.”

మహేశ్వరి కంచంలో ఒక ముద్ద పెట్టి గడప మీదుగా అందించింది. బయమ్మ గోడవార కూర్చుని తిన్నది, వేళ్ళు నాకింది, లేచి వచ్చి మళ్ళీ కొంగు పట్టింది. రెండో ముద్దకు రెండో పాట. మొదటి రోజు మహేశ్వరి మూడు ముద్దలూ ఒకేసారి పెట్టి చూసింది. బయమ్మ పాడిన పాటకు ఒకటి తిని, మిగతా రెండూ కంచంతో సహా గడప మీద పెట్టి పోయింది. అప్పటినుంచి వడ్డన ఆమె పెట్టిన పద్ధతి ప్రకారమే సాగుతోంది.

ఎదురింటి ఓబమ్మకు వీళ్ళింటి భోజనాల వేళలు కంఠతా వచ్చేశాయి. సరిగ్గా ఆ వేళకే ఆమెకు వెల్లుల్లి ఒలవాల్సిన పని పడుతుంది. గాలి కూడా వీళ్ళ అరుగు మీదే బాగా తగులుతుంది. ఈ ఆరు రోజుల్లో ఆమె ఒలిచిన వెల్లుల్లితో కొత్తచెరువు ఊరు మొత్తం ఊరగాయ పెట్టుకోవచ్చు.

“అవ్వ గొంతు ఇంగా ఖంగుమంటాందే మహేశ్వరీ,” అని మెచ్చుకుంది ఓబమ్మ. “పెండ్లిండ్లల్లో అయితే దుడ్లిచ్చి వినల్ల గదా.”

మహేశ్వరి తలుపు దగ్గరికి వేసింది. ఓబమ్మ అరుగు మీద ఒక జానెడు ఇటు జరిగి కూర్చుంది.

గొంతు సంగతి నిజమే. ఆ గొంతే ఈ ఇంటి వ్యాపారం. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ఆటపట్టిస్తూ ఆడవాళ్ళు పాడే వియ్యం పాటలు బయమ్మకు వందల్లో వచ్చు. నాలుగేళ్ళ కిందట మహేశ్వరి వాటికి ఒక పేరు, ఒక ఫోను నంబరు, ఒక పద్ధతి పెట్టింది. పెళ్ళివారు పిలిస్తే ముందుగా వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పంపుతుంది. మీ వియ్యపురాలు దేనికి గొప్పలు పోతుంది, దేన్ని దాచిపెడుతుంది, ఏ మాటంటే ముక్కు ఎర్రబడుతుంది. నిశ్చితార్థమై పదిరోజులు కాకపోయినా సరే, జవాబులు పేజీలకు పేజీలు వచ్చేవి. కొత్త చుట్టాల గురించి మనుషులకు ఇంత శ్రద్ధ ఉంటుందని మహేశ్వరికి డిగ్రీలో ఎవరూ చెప్పలేదు.

ఆమె పాట కట్టేది, అత్త పాడేది. మగపెళ్ళివారి మేనమామ పొట్ట దగ్గర మొదలై ఆడపడుచు మేకప్ దాకా సాగేది. ఆఖరున అత్తాకోడళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకరి మీద ఒకరు పాడుకునే పోటీ ఉండేది. జనం తాంబూలం తీసుకున్నాక కూడా దానికోసమే కూర్చునేవాళ్ళు.

ఈ పాటలకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీద పాడతారో వాళ్ళు నవ్వాలి. నవ్వకుండా విస్తరి ముందునుంచి లేచిపోతే పాడినవాళ్ళకే తలవంపు. అందుకే బయమ్మ మొదటి రోజే కోడలికి హద్దు గీసింది. చావు జోలి, కడుపు జోలి, కూటి జోలి పాటలోకి రాకూడదు. “ఆ మూడిటికీ మనిషి నగలేడు. నగకపోతే అది పాట గాదు, శాపనార్థం,” అని చెప్పింది.

పోయిన శుక్రవారం కదిరి పెళ్ళిలో మహేశ్వరి ఆ హద్దు దాటింది.

పోటీలో అత్త వరసగా మూడు పాటలు గెలిచింది. పందిరంతా ఈలలు వేస్తోంది. మహేశ్వరికి ఓడిపోవడం ఎప్పుడూ పడదు, అందులోనూ మైకు ముందు అసలు పడదు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం బయమ్మ పప్పులో రాళ్ళేరుతూ నవ్వుతూ చెప్పిన సంగతి నాలుక చివరికొచ్చింది. మొగుడు చనిపోయిన ఏడాదే వాన కూడా పోయింది. ఇద్దరు చిన్నపిల్లలు. ఎక్కడ పెళ్ళి బాజా వినపడితే బయమ్మ అక్కడికి నడిచేది. పాటలమ్మ వచ్చిందని పంక్తిలో చోటిచ్చేవాళ్ళు. ఆ మాట మహేశ్వరి నోట పాటై వచ్చింది.

“పిలవని పెండ్లికి పోయెనే మాయత్త
పాటకో ముద్దంట, ఓ వియ్యపరాలా.
తినంగ మిగిలింది కొంగున గట్టెనే
కూతురికి కూడంట, ఓ వియ్యపరాలా.”

బయమ్మ నవ్వింది. పందిట్లో అందరికంటే గట్టిగా నవ్వింది. మహేశ్వరి గెలిచానని పొంగిపోయి, భర్త ఓబిలేష్ తీసిన వీడియోను ఆ సాయంత్రమే ఫోన్లో అందరికీ కనపడేలా పెట్టేసింది. తెల్లారేసరికి లక్షమంది చూశారు. తెల్లారాక బయమ్మ కొంగు పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

ఎల్లుండి శనివారం అనంతపురంలో సభ. సరదాగా మొదలుపెట్టిన పనిని బతుకుతెరువుగా మార్చుకున్నవాళ్ళను పిలిచి మాట్లాడిస్తారు. బెంగళూరులో పెద్ద పెళ్ళిళ్ళు జరిపించే చంద్రిక అనే ఆమె వస్తుంది. నచ్చితే సీజను మొత్తానికి కుదుర్చుకుంటానని కబురు చేసింది. ఆహ్వానపత్రిక మీద మహేశ్వరి పేరు అచ్చులో ఉంది. పద్నాలుగేళ్ళుగా ఓబిలేష్ పెండ్లాం అని, బయమ్మ కోడలు అని పిలిపించుకున్న మనిషి ఆ కాగితాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడత దగ్గర చిరుగు పట్టింది.

పేరు మహేశ్వరిదే. గొంతు బయమ్మది. బయమ్మ రాకపోతే ఆ పేరుతో వేదిక మీద చేసేదేమీ లేదు.

ఓబిలేష్ ఈ విషయంలో తన అభిప్రాయం చెప్పలేదు. ఏ విషయంలోనూ చెప్పడు. అతనిది మోటార్లకు తీగ చుట్టే షాపు. బోర్లలో నీళ్ళు తగ్గితే మోటార్లు కాలతాయి, మోటార్లు కాలితే ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇప్పుడు తగ్గడానికి కూడా నీళ్ళు లేవు. కాలాలన్నా మోటారు ముందు తిరగాలి కదా. అందుకని అతను పొద్దున షాపు తెరిచి, మధ్యాహ్నం మూసి, భార్య పాటలకు ఫోను పట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఆటోలోంచి సునంద దిగింది. బయమ్మ కూతురు, ఓబిలేష్‌కు చెల్లెలు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటికి కోడలు. చేతిలో సంచి చిన్నదే గానీ, ముఖం చూస్తే పెట్టె సర్దుకుని వచ్చినట్టే ఉంది.

చెప్పులు విప్పకుండానే అడిగింది.

“వదినా, ఆ పాటలో కూతురంటే ఎవురు?”

“పాటలో కూతురు పాటలోనే ఉంటాదమ్మీ. పేరు పెట్టలేదు గదా.”

“మా అమ్మకు నేను గాక ఇంగెంతమంది ఉండారు?”

మహేశ్వరి మంచినీళ్ళు తెచ్చింది. సునంద చెంబు అందుకోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. ఆమె అత్త అంజనమ్మ ఆ వీడియోను కళ్ళద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రినుంచి భోజనాలయ్యాక ఒక గుడ్డముక్క ఉతికి మడిచి తెచ్చి సునంద విస్తరి పక్కన పెడుతోంది. మిగిలింది కట్టుకోమ్మా, అలవాటు తప్పితే కష్టం, అంటోంది. చాలా ప్రేమగా అంటుందట. తోటికోడళ్ళు తలలు వంచుకుని నవ్వుతారట. భర్త శ్రీరంగప్ప కూడా నవ్వాడట. అడిగితే, ఊళ్ళోవాళ్ళందరి మీదా పాడే ఇంటి పిల్లవు, నీ మీద పడితే ఓర్చుకోలేవా, అన్నాడట.

“వీడియో తీసేసినా సునందా.”

“నీ ఫోన్లో తీసేసినావు. మా అత్త ఫోన్లో ఉండాది.”

షాపు మూసి భోజనానికి వచ్చిన ఓబిలేష్ కంచంలో చెయ్యి పెట్టి, అన్నం కలపడం ఎలాగో మరిచినవాడిలా కూర్చున్నాడు. సునంద అతని వైపు తిరిగింది.

“నువ్వేమంటావన్నా?”

“నేనేమనల్ల. నేను ఫోను పట్టుకున్నా అంతే.”

“నువ్వూ తిన్నావు గదా ఆ కూడు.”

“నాకప్పుడు ఐదేండ్లు.”

“నాకు మూడు. నేను తిన్నట్టు నాకు గుర్తే లేదు.” సునంద గొంతు పైకి లేచింది. “అసలు మాయమ్మ ఎందుకు పోవల్ల? కూలీ నాలీ అడగొచ్చు గదా. పిలవని పంక్తిలో కూసోని, ఎవురెవురి ఎంగిలి విస్తర్ల మధ్యనో పాడి, అది మూట గట్టి తెచ్చి మాకు పెట్టల్లనా? ఆ కూడు లేకుంటే సస్తామా?”

అప్పుడు చూశారు ముగ్గురూ. బయమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. మధ్యాహ్నం పాటకు కొంగు పట్టుకుని ఉంది. నోరు తెరిచి ఉంది.

అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

బయమ్మ కొంగు వదిలేసింది. దాన్ని వెనక్కి తిప్పి నడుముకు దోపుకుంది. పాడలేదు, తినలేదు. పెరట్లోకి వెళ్ళి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతకడం మొదలుపెట్టింది. నీళ్ళు లేని ఊళ్ళో అంతకంటే గట్టిగా కోపం చూపించే దారి లేదు.

సునంద కాసేపు తలుపు పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక షరతు చెప్పింది. శనివారం సభలో అమ్మ అందరి ముందూ ఆ పాట అబద్ధమని చెప్పాలి. నవ్వించడానికి కట్టిన మాట అని, అట్లాంటి పూట ఈ ఇంట్లో ఎప్పుడూ లేదని చెప్పాలి. ఆ మాట వీడియోలో రావాలి, దాన్ని అంజనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూడాలి.

“లేకుంటే నేను ఈడనే ఉంటా వదినా. నాకూ ఒక గడప జూపించు. నేనూ నేర్చుకుంటా పాటలు.”

మహేశ్వరి సరేనంది. ఆ క్షణంలో ఆమె దేనికైనా సరేననేది. సునంద మాట నెగ్గాలన్నా ముందు అత్త అనంతపురం రావాలి కదా. ఇద్దరి పనీ ఒకే మనిషి మీద ఉంది, ఆ మనిషేమో పెరట్లో బండకేసి బట్టలు బాదుతోంది.

శుక్రవారం బయమ్మ గడప దగ్గరికి రాలేదు. కంచం పెట్టి పిలిస్తే వినపడనట్టు ఉంది. ఓబమ్మ రెండుసార్లు వెల్లుల్లి తెచ్చుకుని రెండుసార్లూ ఒలవకుండానే తీసుకుపోయింది.

సాయంత్రం మహేశ్వరి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. తప్పయిపోయింది అత్తా అంది. తిట్టమంది, కావాలంటే కొట్టమంది. ఆ పాట మళ్ళీ ఎప్పుడూ నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. కానీ ఏడుస్తున్నప్పుడు కూడా ఆమె మనసు ఒక మూల నిలబడి శనివారం ఎనిమిదిన్నర బస్సు టైము చూసుకుంటూనే ఉంది.

బయమ్మకు ఆ మూల కనిపించింది. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండ చుట్టి, కోడలి తల మీదుగా పెరట్లోకి విసిరేసింది.

శనివారం తెల్లవారి మహేశ్వరి లేచేసరికి అత్త మంచం ఖాళీ. వీధిలోకి పరుగెత్తింది. బయమ్మ బస్టాండు బెంచీ మీద కూర్చుని ఉంది. కచేరీలకు కట్టే ఆకుపచ్చ చీర, నుదుట కచేరీలకు మాత్రమే పెట్టే రూపాయంత బొట్టు, దవడలో తమలపాకు. బస్సుకు ఇంకా రెండు గంటలకు పైనే ఉంది.

అత్త తనను క్షమించిందనుకుంది మహేశ్వరి. అమ్మ తన కోసం అబద్ధం చెప్పడానికి వస్తోందనుకుంది సునంద. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకే మనిషికి రెండువైపులా కూర్చుని ఊపిరి పీల్చుకున్నారు. బయమ్మ మధ్యలో కూర్చుని ఆకు నమిలింది.

ధర్మవరం దాటాక, బత్తలపల్లెలో ఎక్కిన ఒకాయన బయమ్మను చూసి ఆగిపోయాడు. ఏమవ్వా, ఆ కూడు మూట పాట నీదే గదా, అని ఫోను తీశాడు. మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వినాం, అన్నాడు. ఆయన మంచివాడు. ఒక్క ఫోటో చాలన్నాడు. సునంద కొంగు ముఖం మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది. బయట మైళ్ళకు మైళ్ళు విత్తనం పడని వేరుశెనగ చేలు. ఫోటోలో ఆమె ముసుగు కూడా పడింది.

అనంతపురం హాల్లో చల్లగాలి మిషన్లు తిరుగుతున్నాయి. సభ నడిపే కుర్రాడు మారుతి అందరినీ వరసగా వేదిక పక్కన కూర్చోబెట్టాడు. బొంగరాలు చేసి బెంగళూరు బడులకు పంపే కదిరి ఆయన, పట్టు పీలికలతో బొమ్మలు కుట్టే టీచరమ్మ, కట్టే మేడలకు దిష్టిబొమ్మలు చేసిచ్చే తిప్పేస్వామి. తిప్పేస్వామి మహేశ్వరి పక్కన కూర్చున్నాడు. అడిగినవాళ్ళకు పక్కింటాయన ముఖం పెట్టి కూడా చేసిస్తాడట.

“గిరాకీ అంతా దానికేనక్కా,” అని గుసగుసగా చెప్పాడు. “మామూలు రాక్షసి ముఖం ఎవురూ అడగరు. తెల్సినోళ్ళ ముఖమే గావల్ల.”

“ఆ పక్కింటోళ్ళు ఊరుకుంటారా?”

“వాళ్ళూ వచ్చి ఇంగొకటి చేయించుకుంటారు.”

ఒక్కొక్కరే పైకి వెళ్ళారు. ఎట్లా మొదలైందని మారుతి అడిగాడు. అందరూ ఒకే మాట చెప్పారు, సరదాకే మొదలుపెట్టినామన్నారు. ప్రతిసారీ హాలు చప్పట్లు కొట్టింది. మహేశ్వరి నింపిచ్చిన కాగితంలో కూడా అదే ఉంది. మా అత్తగారు సరదాగా పాడుకునేవారు. ముత్యాల్లాంటి చేతిరాత.

వాళ్ళ వంతు వచ్చింది. ముందు వరసలో చంద్రిక, నలభై ఏళ్ళ చురుకైన మనిషి, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని కూర్చుంది. రెండో వరసలో సునంద, ముందుకు వంగి. గోడ పక్కన ఓబిలేష్, ఫోను పైకెత్తి.

“అవ్వా, ఎట్ల మొదలైనాయి ఈ పాటలు?” అన్నాడు మారుతి. “సరదాకేనా?”

బయమ్మ మైకును చూసింది, మారుతిని చూసింది. రెండు రోజులుగా మూసిన నోరు తెరిచింది.

“సరదా గాదు నాయనా. ఆకలి.”

సునంద వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

“సరదా అని పేరు పెట్టింది మా కోడలు. సదువుకున్నది గదా, మంచి మంచి పేర్లు పెడ్తాది.”

అప్పుడు నవ్వారు జనం. నవ్వొచ్చని తెలిసి హాయిగా నవ్వారు. బయమ్మ వాళ్ళను నవ్వనిచ్చి, చేత్తో ఆపింది.

“నా కూతురికి గుర్తు లేదంట. నాకుండాది. ఆ పెండ్లిండ్లల్లో పప్పు కారముంటే, ముద్ద నేను నోట్లో ఏసుకోని, కారం సప్పరించి, ఆనక దాని నోట్లో పెట్టేదాన్ని. తిని ఇంత పొడుగయింది. అదిగో, రెండో వరసలో కూసోనుండాది. నీలం రంగు పట్టుచీర.”

హాలు మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. గొప్ప తల్లి, గొప్ప కూతురు అన్నట్టు కొట్టారు. నాలుగైదు ఫోన్లు సునంద వైపు లేచాయి. ఆమె ముసుగు వేసుకోవడానికి కొంగు అందుకోబోయి, ఆ కొంగునే చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

మహేశ్వరి కంగారుగా పోటీ మొదలుపెట్టింది. ఎవరికీ నొప్పి లేని పాట ఎత్తుకుంది. అత్త నమిలే ఆకుల గురించి, ఆమె ఉమ్మితే ఎర్రబడే గోడల గురించి. హాలు మర్యాదకు నవ్వింది. చంద్రిక గడియారం చూసుకుంది.

బయమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

“ముచ్చటపడి కోడలు ఉయ్యాల దెచ్చెనే
ముంగిట్ల గట్టెనే, ఓ వియ్యపరాలా.”

రెండో చరణం దాకా అక్కర్లేకపోయింది. మహేశ్వరికి అప్పుడే తెలిసిపోయింది.

ఆ ఉయ్యాల ఆమె తొమ్మిదేళ్ళ కిందట కదిరిలో కొన్నది. రెండోసారి నెలతప్పి ఐదో నెల వచ్చినప్పుడు, మొదటిసారిలా కాదులే అనే ధైర్యంతో కొన్నది. ముందే కొనకూడదని అందరూ అన్నారు. పది రోజులకే ఆ ఆశ కూడా పోయింది. తర్వాత ఉయ్యాల విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఒక ఏడాది బయమ్మే మూట తెచ్చి అందులో ఉల్లిగడ్డలు పోసింది. ఊరికే వేలాడుతుంటే చూడలేకుండా ఉండాది మే, అంది. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరూ ఉల్లిగడ్డల వంక పెట్టుకుని ఏడ్చారు. ఆ సంగతి ఓబిలేష్‌కు కూడా చెప్పలేదు.

“ఉయ్యాల్లో ఎవురమ్మ పండుకున్నారంటె
ఉల్లిగడ్డలమ్మా, ఓ వియ్యపరాలా.
జోజో యని పాడి జోకొట్టి జోకొట్టి
మొలకలొచ్చెనంట మా వంశమునకూ, ఓ వియ్యపరాలా.”

హాలు విరగబడి నవ్వింది. ఉయ్యాల్లో ఉల్లిగడ్డలు పండుకోవడం, వాటికి జోలపాట, వాటికి మొలకలు. బొంగరాలాయన తొడ చరుచుకున్నాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. పాపం వాళ్ళ తప్పేమీ లేదు, నవ్వించడానికి పిలిచినవాళ్ళు పాడితే నవ్వారు.

బయమ్మ నవ్వలేదు. కోడలి ముఖం వైపే చూస్తూ నిలబడింది, మామూలు పోటీలో ఎదుటివాళ్ళ వంతు కోసం నిలబడినట్టే.

నవ్వాలి. నవ్వకపోతే అది శాపనార్థం అవుతుంది. మహేశ్వరి నవ్వింది. మొదట బలవంతాన వచ్చింది, తర్వాత దానంతటదే బయటికొచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే, హాలు ఆగిపోయాక ఆమె నవ్వు ఒక్కటే మైకులో వినపడింది. దానికి జనం మళ్ళీ నవ్వారు.

గోడ పక్కన చూసింది. ఓబిలేష్ నిలబడ్డ చోట ఎవరూ లేరు.

దిగగానే చంద్రిక ఎదురొచ్చింది. మహేశ్వరి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. ఇట్లాంటిది తాను బెంగళూరులో ఎక్కడా చూడలేదంది. పన్నెండు పెళ్ళిళ్ళు ఇప్పుడే రాసిస్తానంది. వేరే పాటలు ఏవైనా మార్చుకోవచ్చట, ఆ రెండు మాత్రం తప్పకుండా ఉండాలట. ముందు కూడు పాట, వెంటనే ఉయ్యాల పాట. కూతురుగారిని కూడా తీసుకొచ్చి రెండో వరసలో కూర్చోబెట్టాలట. అందరూ వెనక్కి తిరిగి చూడటం చాలా బాగుందట.

“మరి మీరు నవ్వారు చూడండి మహేశ్వరిగారూ, అది నేర్పిస్తే వచ్చేది కాదు. ప్రతి పెళ్ళిలోనూ అదే నవ్వు ఉండాలి.”

కాగితాలు బల్ల మీద పరిచింది. ఇద్దరి సంతకాలూ కావాలంది.

సునంద కొంచెం దూరంలో నిలబడి ఉంది. ఆమెతో ఫోటో దిగడానికి ఇద్దరు ఆడవాళ్ళు వరస కట్టారు. ఆమె వద్దనడం లేదు, అవుననడం లేదు.

బయమ్మ పెన్ను అడిగి తీసుకుంది. బల్ల మీదికి వంగి, ఒక్కో అక్షరం మీద ఆగి ఆగి, పేరు రాసింది. ఆ మూడు అక్షరాలు మహేశ్వరి నేర్పినవే. రాసి, పెన్ను కోడలి వైపు చాపింది. ఎనిమిది రోజుల తర్వాత మొదటిసారి, పాట లేకుండా, మామూలు గొంతుతో ఆమెతో మాట్లాడింది.

“నేను పాడ్తా మే. పన్నెండు తూర్లు నువ్వు నగగల్గుతావా?”

అది కూడా ఆటలో భాగమే అనుకుని చంద్రిక చప్పట్లు కొట్టింది.

మహేశ్వరి పెన్ను అందుకుంది.